క్ల్దెకారి కోట, బఘ్వాషి వంశం: వీళ్లని ఒట్టి ద్రోహులుగా కొట్టిపారేయొచ్చా?

రాతిగుమ్మం:
జార్జియా చరిత్ర అనగానే మనవాళ్లు దావిద్ నాలుగో రాజు దగ్గరో తామర్ రాణి దగ్గరో ఆగిపోతారు. నేను రెండేళ్లుగా చదువుతున్నది ఆ రాజులకి దాదాపు 200 ఏళ్లు పక్కలో బల్లెంలా ఉన్న ఒక సామంత కుటుంబం గురించి. ఇంటిపేరు బఘ్వాషి. వాళ్ల రాజ్యం, అంటే మన భాషలో మండలం అనుకోండి, క్ల్దెకారి. జార్జియన్‌లో క్ల్దె అంటే రాతికొండ, కారి అంటే తలుపు. రాతి గుమ్మం. నా పేరు అక్కడ్నుంచే తీసుకున్నాను.

టిబిలిసికి పడమరగా త్రియాలెతి కొండల్లో, అల్గేతి నది లోయ నుంచి పైనున్న పీఠభూమికి ఎక్కే ఇరుకు దారి మీద ఉంటుంది ఈ కోట. దక్షిణం వైపు నుంచి వ్యాపారి రావాలన్నా, సైన్యం రావాలన్నా ఆ దారే దగ్గర. 876 ప్రాంతంలో లిపరిట్ అనేవాడు పడమటి జార్జియాలోని అర్గ్వెతి నుంచి వచ్చి ఇక్కడ కోట కట్టుకున్నాడు. నైరుతిన ఉన్న తావో వైపు పాలకుడు, బాగ్రతియోని రాజవంశంలో ముందుతరం వాడైన దావిద్‌ని ప్రభువుగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు అంటే కప్పం, కత్తి రెండూ ఇస్తానని మాట. తలుపు తాళంచెవి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

వాళ్ల బిరుదు ఎరిస్తావి. ఎరి అంటే జనం, సేన. తావి అంటే తల. జనానికి తలకాయ అన్నమాట. ఇంగ్లీషు పుస్తకాల్లో డ్యూక్ అని రాస్తారు కానీ ఆ మాటలో ఈ రుచి రాదు. లిపరిట్ల (బఘ్వాషిలకే ఇంకో పేరు) ఇంట్లో గొప్పవాడికి ‘ఎరిస్తావుల ఎరిస్తావి’ అని కూడా బిరుదు ఉండేది.

జార్జియన్ రాజవృత్తాంతాలు చదివితే ఈ కుటుంబం మొత్తం నమ్మకద్రోహులే. నాకు అంత తేలిగ్గా అనిపించట్లేదు. చదివినవాళ్లు ఎవరైనా ఉంటే మాట్లాడండి.

గోదారిగట్టు:
మంచి టాపిక్ పెట్టారు. కానీ మీతో మొదట్నుంచే పేచీ. ద్రోహులు కాకపోతే ఇంకేమిటండీ? బగ్రాట్ మూడో రాజు అప్పుడప్పుడే పడమటి అబ్ఖాజియానీ తూర్పు కార్త్లినీ ఒక్క గొడుగు కిందికి తెస్తున్నాడు. 988, 989 ఆ ప్రాంతంలో. అప్పటికి ఈ రతి బఘ్వాషి క్ల్దెకారితో ఆగలేదు, అతేని కోట, మాంగ్లిసి లోయ, మ్త్క్వారి నదికి దక్షిణాన ఉన్న కార్త్లి అంతా తన గుప్పిట్లో పెట్టుకుని రాజు మాట వినడం మానేశాడు. రాజు ఏం చెయ్యాలి, చూస్తూ కూర్చోవాలా? సైన్యాన్ని ఇంటికి పంపేసినట్టు నటించి, అబ్ఖాజియా వెళ్లిపోయినట్టు నమ్మించి, నడి చలికాలంలో ఒక్కసారిగా తిరిగొచ్చి కోట ముందు దిగాడు. రతి ఊహించలేదు. కోట అప్పగించి, కొడుకు లిపరిట్‌ని రాజు చేతిలో పెట్టి, తాతల నాటి అర్గ్వెతికి వెళ్లిపోయాడు. తల తియ్యలేదు, భూమి లాక్కుని బతకనిచ్చాడు. ఆ రోజుల్లో అది చిన్న దయ కాదు.

రాతిగుమ్మం:
ఆ చలికాలం దాడి నాకు భలే ఇష్టమైన ఘట్టం, రాజు తెలివి గురించి నాకు అనుమానమే లేదు. నేనడిగేది వేరు. అర్గ్వెతికి వెళ్లిన రతి ఏం చేశాడో కూడా చూడండి. కత్స్‌ఖి అనే ఊళ్లో మఠం కట్టించాడు. ఆ గుడి శాసనంలో బగ్రాట్ రాజు పేరు ఉంది, అందుకే 988కీ 1014కీ మధ్య కట్టిందని లెక్క కడతారు. తనని ఓడించిన రాజు పేరు తన గుడి మీద ఉండనిచ్చిన మనిషి అతను.

మెడికో_టిబిలిసి:
కత్స్‌ఖి నేను చూశాను! ఇక్కడ ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం, మాది ఖమ్మం. మేం ఐదుగురం కారు తీసుకుని వెళ్లింది నిజానికి కత్స్‌ఖి స్తంభం చూడ్డానికి. 40 మీటర్ల సున్నపురాయి స్తంభం, కొసన చిన్న గుడి, ఫోటోల్లో అందరూ చూసే ఉంటారు. దిగొచ్చాక డ్రైవర్ అన్న పక్కనే పాత మఠం ఉంది చూస్తారా అన్నాడు. మిగతావాళ్లు ఆకలి అని గోల, నేనూ ఇంకో అక్కా లోపలికి వెళ్లాం.

బయటనుంచి చూస్తే గుడి అసలు మామూలు జార్జియన్ చర్చిలా ఉండదు. ఇక్కడ ఎక్కువగా శిలువ ఆకారం, మధ్యలో పొడుగు గోపురం. ఇది మాత్రం గుండ్రానికి దగ్గరగా, పలకలు పలకలుగా, మెట్టు మీద మెట్టు పెట్టినట్టు ఉంది. లోపల మధ్యలో నిలబడితే చుట్టూ ఆరు అర్ధవృత్తాలు, పువ్వు రేకుల మధ్య నిలబడ్డట్టు. గుమ్మం దగ్గర తలెత్తి చూస్తే పైకప్పు రాతిలో దేవదూతలు శిలువని పైకి మోసుకెళ్తున్న శిల్పం ఉంది. వాళ్ల బట్టల మడతలు ఎంత సన్నగా చెక్కారంటే నాకు మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. కట్టించింది ఎవరో అప్పుడు తెలీదు. ఇప్పుడు ఈ థ్రెడ్ చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

రాతిగుమ్మం:
తమ్ముడూ, నువ్వు నిలబడ్డది వాళ్ల కుటుంబ సమాధుల చోటు. లిపరిట్ల ఇంటి పెద్దలు ఎక్కడ చచ్చిపోయినా శవాన్ని కత్స్‌ఖికే తెచ్చుకునేవాళ్లు. దాని గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. లిపరిట్ నాలుగో వాడు. బగ్రాట్ నాలుగో రాజు 1027లో గద్దెనెక్కినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లాడు. అప్పట్లో టిబిలిసి జార్జియన్ల చేతిలో లేదు, ముస్లిం అమీర్ జాఫర్ పాలనలో ఉండేది. 1032 ఆ ప్రాంతంలో లిపరిట్, ఇంకో ప్రభువు ఇవానే అబాజాస్‌జె కలిసి ఉపాయం పన్ని ఆ అమీర్‌ని పట్టేశారు, బిర్త్‌విసి కోట లాక్కున్నారు. రాజు ఏం చేశాడు? అమీర్‌ని వదిలేసి మళ్లీ టిబిలిసిలో కూర్చోబెట్టాడు.

సరే, పిల్లాడు, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పినట్టు చేశాడు అనుకుందాం. ఆరేళ్లకి, 1038 ప్రాంతంలో, రాజే టిబిలిసిని ముట్టడించాడు. రెండేళ్లు సాగింది ఆ ముట్టడి. ఊళ్లో తిండి అయిపోయింది. ఒక లిత్రా తూకం గాడిద మాంసం 500 ద్రహ్మలు పలికిందని రాజుల వృత్తాంతమే రాసింది. అంకె కాస్త పెంచి రాశాడేమో అనుకున్నా సరే, గాడిద మాంసానికి తూకం వేసి బేరమాడుతున్న వీధిని ఒకసారి తలుచుకోండి. అమీర్ రాత్రికి రాత్రి తెప్పలు కట్టుకుని ఏట్లో పారిపోవడానికి సిద్ధపడ్డాడు. అంతా అయిపోయింది, నోటి దాకా వచ్చిన ముద్ద. అప్పుడు కొందరు ప్రభువులు రాజు చెవిలో ఏదో ఊదారు, రాజు సంధి చేసుకుని సైన్యాన్ని తిప్పేశాడు. లిపరిట్‌కి ఒక్క మాట చెప్పకుండా.

రెండేళ్లు కోట గోడల కింద నా మనుషుల్ని పెట్టి, గెలుపు రేపో మాపో అన్న రోజున నన్ను అడక్కుండా ఇంటికి పొమ్మంటే నాకు మాత్రం రాజు మీద నమ్మకం ఎలా మిగులుతుంది? లిపరిట్ తిరగబడ్డాడని రాసేవాళ్లు ఈ పేజీని గబగబా తిప్పేస్తారు. నా బాధ అదే.

సీతమ్మధార:
నేను చరిత్ర విద్యార్థిని కాదు, మామూలు పాఠకురాలిని. ఒక సందేహం. ఆ ప్రభువులు రాజుకి అలా ఎందుకు చెప్పారు? టిబిలిసి చేతికొస్తే అందరికీ లాభమే కదా.

పాతకాగితం:
అందరికీ కాదమ్మా. టిబిలిసి పడితే ఎక్కువ లాభం దానికి దగ్గరగా ఉన్నవాడికి, కొండదారి తాళం చేతిలో ఉన్నవాడికి. అంటే లిపరిట్‌కి. అతను ఇంకా బలిసిపోతాడని మిగతా ప్రభువుల భయం. ఇరవయ్యేళ్ల రాజుకీ ఆ భయమే ఉండి ఉంటుందని నా అభిప్రాయం. అమీర్ పొరుగు శత్రువు, లిపరిట్ ఇంట్లో బలవంతుడు. చాలామంది రాజులకి రెండోవాడంటేనే ఎక్కువ టెన్షన్.

ఇంకో కథనం ఉంది. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం, గ్రీకులు అన్నా వీళ్లే) చరిత్రకారుడు స్కిలిట్జెస్ ఈ పగకి పూర్తిగా వేరే కారణం చెప్తాడు. బగ్రాట్ లిపరిట్ భార్యని చెరిచాడని, దానికి లిపరిట్ రాజు తల్లి మీద పగ తీర్చుకున్నాడని రాశాడు. జార్జియన్ వృత్తాంతంలో ఆ ఊసు లేదు. నాకు ముట్టడి కారణమే ఎక్కువ నమ్మశక్యంగా ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత లిపరిట్ ఎత్తులన్నీ లెక్కపెట్టి వేసినవే. కానీ రెండు కథనాలనీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

గోదారిగట్టు:
అవమానం జరిగిందనే ఒప్పుకుంటాను. అయినా ఇంటి గొడవలోకి పొరుగు చక్రవర్తి సైన్యాన్ని తీసుకురావడమేంటి? రాజుకి సవతి తమ్ముడు దెమెత్రె ఉన్నాడు, గ్రీకుల దగ్గర తలదాచుకున్నవాడు. అతన్ని రాజు చేస్తానని బైజాంటియం సైన్యంతో సహా పట్టుకొచ్చి అతేని కోటని చుట్టుముట్టాడు మీ లిపరిట్. సాసిరెతి దగ్గర యుద్ధంలో రాజు ఓడిపోయాడు. అప్పుడు దేశంలోకి 3000 మంది వరంగియన్లు దిగారు, ఉత్తరాది నుంచి వచ్చిన కిరాయి యోధులు, వాళ్లలో 700 మందిని రాజు తనతో తెచ్చుకున్నాడు. దక్షిణాది మెస్ఖీల సేన వచ్చి కలవకముందే యుద్ధం ముగిసిపోయింది. ఒక్క మనిషి కోపానికి దేశం మొత్తం బయటివాళ్ల కత్తులకి అడ్డా అయింది.

పాతకాగితం:
బయటివాళ్లని పిలవడంలో రాజు తక్కువ తిన్నాడా అన్నది కూడా చూడాలి. బగ్రాట్ చిన్నప్పుడు మూడేళ్లు కాన్‌స్టాంటినోపుల్‌లో బందీగా పెరిగాడు. మొదటి పెళ్లి చక్రవర్తి రోమనోస్ మేనకోడలు హెలెనాతో. తల్లి మరియం స్వయంగా వెళ్లి కుదుర్చుకొచ్చిన సంబంధం అది. ఆ కాలంలో ఇద్దరికీ కాన్‌స్టాంటినోపుల్ గడప తెలుసు, ఇద్దరూ తొక్కారు.

కపెత్రోన్ యుద్ధం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 1048 సెప్టెంబర్. సెల్జుక్ తురుష్కుల సుల్తాన్ తుఘ్రిల్ తరఫున ఇబ్రహీం ఇనాల్ పెద్ద సైన్యంతో తూర్పు అనతోలియాలోకి దిగాడు. బైజాంటియం సేనానులు కెకౌమెనోస్, ఆరోన్. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తొమ్మిదో వాడు వాళ్లకి పంపిన ఆజ్ఞ: లిపరిట్ వచ్చేదాకా యుద్ధం మొదలెట్టొద్దు. ఒక జార్జియన్ సామంతుడి కోసం ఒక సామ్రాజ్యం సైన్యం ఆగి ఎదురుచూసింది! అతని బలం ఏ పాటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

లిపరిట్ వచ్చాడు. వచ్చినరోజు శనివారం. శనివారం తనకి అచ్చిరాదని, ఆ రోజు కత్తి పట్టనని అన్నాడట. స్కిలిట్జెస్ రాసిన మాటే ఇది. మనిళ్లలో శనివారం కొత్త పని వద్దనే పెద్దవాళ్లు నాకు వెంటనే గుర్తొచ్చారు. శత్రువు మాత్రం ఆగలేదు. రాత్రి చీకట్లోనే యుద్ధం. రెండు పక్కల్లో ఉన్న గ్రీకు సేనానులు ఎదుటివాళ్లని తరిమేసి చాలా దూరం వెళ్లిపోయారు, మధ్యలో లిపరిట్ ఒంటరి. మేనల్లుడు కళ్ల ముందే చచ్చిపోయాడు, గుర్రం కింద పడింది, లిపరిట్ పట్టుబడ్డాడు. తెల్లారేదాకా గ్రీకులు గెలిచామనే అనుకున్నారు. తెల్లారాక లిపరిట్ లేడని తెలిసింది.

సీతమ్మధార:
తర్వాత? చంపేశారా?

పాతకాగితం:
లేదమ్మా, ఇక్కడే కథ ఇంకా బాగుంటుంది. చక్రవర్తి విడుదల కోసం ధనం, కానుకలు పంపాడు. దియార్‌బకిర్ వైపు పాలిస్తున్న నస్ర్ అద్‌దౌలా మధ్యవర్తిగా ఉన్నాడు. తుఘ్రిల్ డబ్బు ఉంచుకోకుండా ఆ కానుకలన్నీ లిపరిట్‌కే ఇచ్చి పంపించేశాడని, ఇంకెప్పుడూ తురుష్కుల మీద కత్తి ఎత్తొద్దని మాట చెప్పి వదిలాడని స్కిలిట్జెస్ అంటాడు. దీనికి బదులుగా కాన్‌స్టాంటినోపుల్‌లో పాడుబడ్డ మసీదు బాగుచేయించి, అక్కడ శుక్రవారం ప్రార్థనలో తుఘ్రిల్ పేరు చదివించారు. క్ల్దెకారి ఎరిస్తావి ఒక్కడు పట్టుబడితే రెండు సామ్రాజ్యాల మధ్య రాయబారాలు నడిచాయి.

గోదారిగట్టు:
ఇది నాకు తెలీదు, మసీదు సంగతి ముఖ్యంగా. థాంక్స్ సర్.

కానీ విడుదలై ఇంటికొచ్చి ఏం చేశాడు? తను లేనప్పుడు రాజు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఇతను రాగానే రాజునే దేశం నుంచి తరిమాడు. బగ్రాట్ చక్రవర్తి దగ్గరికి న్యాయం కోసం వెళ్తే అక్కడ మూడేళ్లు కదలనివ్వలేదు. 1050 నుంచి 1053 దాకా. ఆ మూడేళ్లలో లిపరిట్ రాజుగారి కొడుకు గియోర్గిని, ఇంకా పిల్లాడు, రూయిసి గుడిలో కిరీటం పెట్టి కూర్చోబెట్టి తెర వెనక తనే పాలించాడు. రాజు బతికి ఉండగా! దీన్ని ఏమంటారు?

రాతిగుమ్మం:
తప్పు అంటాను. ఇక్కడ అతన్ని వెనకేసుకు రాను. అవమానం తీర్చుకోవడం వేరు, తండ్రి బతికుండగా బిడ్డకి కిరీటం పెట్టి చక్రం తిప్పడం వేరు. నేను ఈ థ్రెడ్ మొదలెట్టినప్పుడు లిపరిట్‌ని నిర్దోషి అనలేదు. పుట్టుకతోనే ద్రోహి అని రాయొద్దంటున్నాను. 1032లో అమీర్‌ని పట్టిన చెయ్యే 1050లో బిడ్డ నెత్తిన కిరీటం పెట్టింది, మధ్యలో జరిగినదాంట్లో రాజుల వంతు ఎంతో లెక్కలోకి రావాలి.

ఆ వెలుగు ఎంతో కాలం ఉండలేదు. జనం, తోటి ప్రభువులు విసిగిపోయారు. 1060కి కాస్త అటూ ఇటూగా కల్మాఖి కోట అధిపతి సూలా, లిపరిట్‌నీ కొడుకు ఇవానేనీ పట్టి రాజుకి అప్పగించాడు. సూలాకి భూములు, కోటలు బహుమానం. లిపరిట్‌ని సన్యాసిని చేసి ఆంటోన్ అని కొత్త పేరు పెట్టి కాన్‌స్టాంటినోపుల్ పంపేశారు. ఒకప్పుడు ఎవరి సైన్యమైతే తన కోసం ఆగి ఎదురుచూసిందో ఆ నగరంలోనే నల్ల అంగీలో చచ్చిపోయాడు. శవాన్ని అంత దూరం నుంచి కత్స్‌ఖికి తెచ్చారు. మెడికో తమ్ముడు మెడ ఎత్తి చూసిన దేవదూతల కిందినుంచే ఆ పాడె వెళ్లి ఉంటుందని నేను ఊహించుకుంటూ ఉంటాను.

మెడికో_టిబిలిసి:
అన్నా ఈ పోస్టు మా అక్కకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పాతకాగితం:
చివరి అంకం కూడా చెప్పేస్తాను. కొడుకు ఇవానే గియోర్గి రెండో రాజుతో ఒకసారి పోట్లాడి ఒకసారి కలిసి, 1074 ప్రాంతంలో పార్త్స్‌ఖిసి దగ్గర గంజా నగరం వైపు నుంచి వచ్చిన సెల్జుక్ సేనని రాజుతో కలిసి ఓడించాడు. దీన్ని కూడా మర్చిపోవద్దు, తూర్పు నుంచి దెబ్బ వచ్చినప్పుడు గుమ్మంలో ముందు తగిలేది వీళ్లకే. తర్వాత సెల్జుక్ సుల్తాన్ మాలిక్‌షా స్వయంగా వచ్చి సామ్‌ష్విల్దె కోట పట్టుకుని ఇవానేని కుటుంబంతో సహా బందీగా తీసుకెళ్లాడు.

దావిద్ నాలుగో రాజు 1089లో పదహారేళ్లకి గద్దెనెక్కాడు. ఇవానే కొడుకు లిపరిట్ మొదట పక్కనే ఉన్నాడు, తర్వాత కుట్ర మొదలెట్టాడు. 1093 ప్రాంతంలో రాజు పట్టి బంధించాడు. ప్రమాణాలు చేయించుకుని వదిలాడు. మళ్లీ అదే పని. ఈ చోట దావిద్ చరిత్ర రాసినవాడు వాడిన సామెత చూసి నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను: కుక్క తోక తిన్నగా అవదు, పీత తిన్నగా నడవదు. 12వ శతాబ్దపు జార్జియన్ రచయిత కలంలో మన కుక్క తోక వంకర! ఈసారి రెండేళ్లు ఖైదులో పెట్టి 1097లో గ్రీకు దేశానికి పంపేశారు, అక్కడే పోయాడు. అతని కొడుకు రతిని ఆ రచయిత పాముపిల్ల అన్నాడు. 1102లో రతి చచ్చిపోయాడు, ఆ మరుసటి ఏడు క్ల్దెకారి రాజుగారి సొంత భూముల్లో కలిసిపోయింది. బఘ్వాషిల ఇల్లు, అందరి నోరూ చేదు చేసిన ఇల్లు, ముగిసింది అని రాసి పేజీ తిప్పేశాడు.

గోదారిగట్టు:
సామెత అద్భుతం. నేను మళ్లీ నా పాటే పాడతాను. 1103లో క్ల్దెకారి చేతికొచ్చింది. 1110లో సామ్‌ష్విల్దె. 1121 ఆగస్టులో సెల్జుక్‌ల మీద గెలిచిన దిద్‌గోరి యుద్ధం. దిద్‌గోరి ఎక్కడుంది? అదే కొండల్లో, మాంగ్లిసికి కూతవేటు దూరంలో. 1122లో టిబిలిసి. ఇంటి తలుపు తాళం పరాయి చేతిలో ఉండగా దావిద్ అంత పెద్ద సేనని ఆ కొండల్లో ధైర్యంగా నిలబెట్టగలిగేవాడా?

రాతిగుమ్మం:
నిలబెట్టగలిగేవాడు కాదు. ఇది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. 84 ఏళ్ల కింద రెండేళ్లు ముట్టడించి వదిలేసిన టిబిలిసి చివరికి అలా దక్కింది. నాకు మనసులో మెదిలేది ఏంటంటే, ఆ మొదటిసారి లిపరిట్‌ని కూడా అడిగి ఇంకో నెల ఆగి ఉంటే, ఇంత దూరం రావాల్సొచ్చేదా అని.

ఇంకో మాట. దావిద్ చరిత్ర రాసినవాడు రాజుగారి మనిషి. పాముపిల్ల, కుక్క తోక అనే మాటలు అతనివి. బఘ్వాషిల తరఫున కలం పట్టినవాడి పుస్తకం ఒక్కటి కూడా మన చేతికి రాలేదు, మిగిలింది కత్స్‌ఖి రాళ్లే.

దక్షిణపువాకిలి:
ఆలస్యంగా వచ్చాను. ఒర్బెలి, ఒర్బెలియాన్ వంశం వాళ్లు వీళ్ల వారసులేనా? ఆర్మేనియా వెళ్లినప్పుడు నొరవాంక్ మఠంలో గైడ్ ఏదో లిపరిట్ అని చెప్పాడు.

పాతకాగితం:
లిపరిట్ అనే పేరు రెండు ఇళ్లలోనూ తిరుగుతుంది, అందుకే ఆ అనుమానం. 13వ శతాబ్దం చివర్లో స్యునిక్ మతాధిపతి స్తెపనోస్ ఒర్బెలియాన్ తన వంశ చరిత్ర రాస్తూ ఈ పాత లిపరిట్‌ని తమ పూర్వీకుడిగా చెప్పుకున్నాడు, ఇంకా వెనక్కి వెళ్లి చీనా దేశం నుంచి వచ్చామని కూడా రాశాడు. పండితులు దీని మీద రెండుగా చీలారు. నా మొగ్గు, సంబంధం ఉందనే వైపు.

వాళ్లదీ అదే రాత. 1177లో యువరాజు దెమ్నా తరఫున ఇవానే ఒర్బెలి రాజు గియోర్గి మూడో వాడి మీద తిరగబడ్డాడు. లోరే కోటలో ఓడిపోయారు. దెమ్నా కళ్లు తీసేశారు, ఒర్బెలి ఇల్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి దేశం బయట ఉన్నందువల్ల ఒకరిద్దరు మిగిలారు, ఆ కొమ్మే ఆర్మేనియాలో స్యునిక్‌కి చేరి నొరవాంక్‌లో గుళ్లు కట్టించింది. మీరు చూసింది ఆ గుళ్లే. జార్జియాలోనే రాచా వైపు పాలించిన కఖాబెరిస్‌జెలు బఘ్వాషి కొమ్మే.

సీతమ్మధార:
ఇంత చదివాక ఆ రాతి గుమ్మం ఎలా ఉంటుందో చూడాలనిపిస్తోంది. ఎవరైనా వెళ్లారా?

మెడికో_టిబిలిసి:
కత్స్‌ఖి చూశాను కానీ క్ల్దెకారి చూడలేదు. టిబిలిసి నుంచి మాంగ్లిసి మీదుగా త్సాల్కా రోడ్డు. పరీక్షలయ్యాక మే నెలలో వెళ్దామని మా అక్కా నేనూ అనుకున్నాం, మంచు కరిగాక దారి బాగుంటుందని మా ఇంటి ఓనర్ ఆంటీ చెప్పింది. అన్నా, ఏం ఫోటోలు కావాలో చెప్పు.

రాతిగుమ్మం:
కోట గోడలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి తమ్ముడూ. నువ్వు ఆ ఇరుకు దారిలో నిలబడి రెండు ఫోటోలు తియ్యి. ఒకటి త్రియాలెతి పీఠభూమి వైపు తిరిగి, ఇంకొకటి వెనక్కి తిరిగి, టిబిలిసి ఉన్న దిక్కు వైపు.